కొత్త ఇంటికి టైల్స్, తలుపులు, రంగులు: ఏది ముందు తేల్చుకోవాలి, ఏది ఆపొచ్చు?

ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ఏ టైల్ మంచిది, ఏ చెక్క మంచిది, ఏ కంపెనీ కుళాయిలు కొనాలి అని అడుగుతారు. అది ఏ రోజుకల్లా తేలాలి అని అడిగేవాళ్లు తక్కువ. ఎంత మంచి గ్రానైట్ అయినా, దాని మందం లెక్కలోకి తీసుకోకుండా మెట్లు పోసేస్తే మొదటి మెట్టు పొట్టిదవుతుంది. ఎంత ఖరీదైన షవర్ అయినా, గోడకు టైల్స్ అంటించాక తెస్తే దానికోసం కొత్త టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా 200 గజాల స్థలంలో, అంటే 30 బై 60 అడుగుల్లో, కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసుకునే మామూలు ఇంటి గురించి. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనేవాళ్లకు ఇందులో సగం వర్తించదు. అక్కడ బిల్డరే చాలావరకు తేల్చేసి ఉంటాడు.

మూడు దారులు

శంకుస్థాపనకు ముందే అన్నీ ఎంచుకోవడం ఒక దారి. దీనివల్ల ఖర్చు ముందే తెలుస్తుంది, బ్యాంకుకు ఇచ్చే అంచనా కూడా నిజానికి దగ్గరగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే, ఇలాంటి ఇల్లు పూర్తి కావడానికి ఏడాది దాకా పట్టొచ్చు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ డిజైన్లు అంతకాలం మార్కెట్లో ఉంటాయన్న నమ్మకం లేదు. మార్చిలో ఫొటో తీసుకున్న టైల్‌ను డిసెంబరులో అడిగితే "అది ఆగిపోయిందండీ, ఇలాంటిదే ఇంకొకటి చూపిస్తా" అంటారు. పోనీ ముందే కొనిపెట్టుకుందామంటే, ఇసుక, కంకర, ఇనుము, ఇటుక పరుచుకున్న స్థలంలో టైల్స్ పెట్టెలకు చోటేదీ? పగిలేవి కొన్ని, మాయమయ్యేవి కొన్ని.

పని ఎక్కడిదాకా వస్తే అక్కడికి ఎంచుకోవడం రెండో దారి. మన ఊళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. లోను కూడా దశలవారీగానే వస్తుంది కాబట్టి డబ్బు సర్దుబాటుకు ఇది సుఖం. కానీ మేస్త్రీ పొద్దున్నే ఫోన్ చేసి "కమోడ్ గోడకా, నేలకా? సాయంత్రంలోపు చెప్పండి, రేపు పైపు వేసేస్తాం" అంటాడు. ఆ సాయంత్రం కంగారుగా షాపుకు వెళ్లి తీసుకున్న నిర్ణయంతోనే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ బతకాలి. టెన్షన్ అంతా ఈ దారిలోనే.

మూడోది మెటీరియల్‌తో సహా కాంట్రాక్టరుకు అప్పగించడం. దూరంగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇది తప్పదు. ఒప్పందంలో "టైల్స్ చదరపు అడుగుకు 60 రూపాయల వరకు" అని ఒక లైను ఉంటుంది, దాని మీదే అసలు కథ నడుస్తుంది. మీకు నచ్చింది 95 రూపాయలదైతే తేడా 35. రెండు అంతస్తుల్లో కలిపి 1,800 చదరపు అడుగులు పరిస్తే 63,000 రూపాయలు పైన పడతాయి. తలుపులకు, కుళాయిలకు, స్విచ్చులకు కూడా ఇలాంటి లైన్లే ఉంటాయి. కాబట్టి ఈ దారి పట్టేవాళ్లు సంతకానికి ముందే షాపుకు వెళ్లి, ఆ రేటులో ఏం వస్తుందో కళ్లారా చూడాలి. కొనక్కర్లేదు, చూస్తే చాలు.

ఈ మూడింట్లో ఏదో ఒకదాన్ని పూర్తిగా పట్టుకోమని నేను చెప్పను. ప్రతి వస్తువులోనూ రకం, కొలత, రంగు అని మూడు సంగతులుంటాయి. రకాన్నీ కొలతనూ కాంక్రీటు, గోడ అడుగుతాయి, అందుకే వాటిని ముందు తేల్చాలి. రంగునూ డిజైన్‌నూ కన్ను తప్ప ఇంకెవరూ అడగరు, వాటిని వీలైనంత వెనక్కి జరపొచ్చు. హాల్లోకి గ్రానైటా, టైలా అన్నది పునాది నాటికే తెలియాలి. గ్రానైట్ నలుపా, గోధుమ రంగా అన్నది ప్లాస్టరింగ్ అయ్యాక చూసుకోవచ్చు. ఎంచుకున్న రోజే కొనాలని కూడా లేదు. చాలా ఇళ్లలో ఈ రెండూ కలిసిపోయి డబ్బు ఇరుక్కుంటుంది.

పునాదికి ముందు

గోడకు ఏం వాడతారన్నది మొదట తేలాలి. ఎర్ర ఇటుకకూ, లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండే సిమెంటు దిమ్మె అయిన ఏఏసీ బ్లాకుకూ బరువులో చాలా తేడా ఉంది. ఏఏసీ గోడ బరువు సుమారు మూడో వంతే ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు పిల్లర్లకూ పునాదికీ ఇనుము లెక్క కట్టేటప్పుడు ఈ సంగతి అతనికి తెలియాలి. ఎర్ర ఇటుక లెక్కతో డిజైన్ చేయించి తర్వాత ఏఏసీకి మారితే ప్రమాదం లేదు, ఇనుము దండగ. ఏఏసీ లెక్కతో చేయించి ఎర్ర ఇటుకకు మారితే మాత్రం మళ్లీ ఇంజినీరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఏది మంచిదంటే, పని తొందరగా కావాలి, గోడలు తిన్నగా రావాలి అనుకుంటే ఏఏసీ. దానికి మేకు పట్టదు, బరువులు వేలాడదీయాలంటే వేరే యాంకర్లు వాడాలి. వంటింట్లో గోడకు బరువైన అరలు పెట్టించుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. చిన్న ఊళ్లలో ఏఏసీ పని తెలిసిన మేస్త్రీలు దొరక్కపోతే మాత్రం ఎర్ర ఇటుకే నయం. తెలియని చేతుల్లో ఏఏసీ గోడకు ప్లాస్టరింగ్ బీటలు వారుతుంది. ఎర్ర ఇటుకకు ఋతువు కూడా చూసుకోవాలి. వానాకాలంలో బట్టీలు నడవవు, నదుల్లో ఇసుక తీయడమూ ఆగుతుంది, రెండింటి ధరా ఎక్కుతుంది. సంక్రాంతి దాటాక పని మొదలుపెట్టేవాళ్లు జూన్ లోపలే ఈ రెండూ దించుకోవడం మంచిది. సిమెంట్‌ను మాత్రం ఎప్పుడూ అలా నిల్వ చేయకండి. మూడు నెలలు దాటిన బస్తాలో పట్టు తగ్గిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, పాత అంచనా పట్టుకుని తిరిగేవాళ్లు ఆ లైను తిరగరాయించుకోవాలి.

నేల మందం కూడా ఇప్పుడే తేలాలి. ఇది చాలామందికి తట్టదు. టైల్ మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు, గ్రానైట్ 16 నుంచి 18. రాయి కింద వేసే మాలుతో కలిపితే నేల రెండు నుంచి మూడు అంగుళాలు పైకి లేస్తుంది. మెట్లను కాంక్రీటులో సమానంగా ఆరేసి అంగుళాలు పోశారనుకోండి. కింద గదిలో నేల మూడంగుళాలు లేచి, మెట్ల మీద రాయి ఒకటిన్నర అంగుళమే లేస్తే మొదటి మెట్టు నాలుగున్నర అంగుళాలకు దిగుతుంది. పై అంతస్తులోనూ నేల మూడంగుళాలు లేస్తుంది కాబట్టి చివరి మెట్టు ఏడున్నర అవుతుంది. రోజూ ఎక్కే ఇంట్లోవాళ్లకు అలవాటవుతుందేమో గానీ, పండక్కి వచ్చిన పెద్దవాళ్లు తడబడేది అక్కడే. మెట్లకు సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) కొట్టే ముందు మేస్త్రీకి కింద, పైన, మెట్ల మీద ఏమేం వేస్తున్నారో చెబితే చాలు, అతనే సరిచేసుకుంటాడు.

స్లాబు పోసే రోజుకు

స్లాబు పోశాక దానిలోపల ఏదీ మార్చలేం. ఫ్యాన్ బాక్సులు, లైట్ల పైపులు అందులోనే మునుగుతాయి. మంచం ఎక్కడ, డైనింగ్ టేబుల్ ఎక్కడ అన్నది అప్పటికి తెలియకపోతే ఫ్యాన్ గది మధ్యలో ఉంటుంది, మంచం ఓ మూలకుంటుంది. ఫాల్స్ సీలింగ్ వేయించుకునేవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది, లైట్ల వైర్లు స్లాబు కింద తర్వాత తిప్పుకోవచ్చు. అయితే అది ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు తినేస్తుంది. పది అడుగుల గదిని అది తొమ్మిదిన్నరకు దించేస్తుంది. అందుకే ఫాల్స్ సీలింగ్ డిజైన్ తర్వాత చూసుకున్నా, అది ఉందా లేదా అన్నది పిల్లర్ల ఎత్తు నిర్ణయించేటప్పుడే తేలాలి.

బాత్రూం స్లాబును అడుగు లోతుకు దించాలా, లేక మామూలుగానే పోసి పైపుల్ని కింద వేలాడదీయాలా అన్నదీ ఇక్కడే తేలుతుంది. దించిన స్లాబులో పైపులు కనిపించవు, కింద గది శుభ్రంగా ఉంటుంది. కానీ లీకైతే ఆ గుంటలో నీళ్లు నిలిచి, గోడ చెమర్చాక గానీ తెలియదు. రెండు వాటాలూ మీవే అయితే పైపుల్ని కింద వేలాడదీసి ఫాల్స్ సీలింగ్‌తో కప్పడమే నేను చెబుతాను. రిపేరు వస్తే ఒక పలక విప్పితే సరిపోతుంది. కింది వాటా అద్దెకిచ్చి, వాళ్ల ఇంట్లోకి మాటిమాటికీ ప్లంబరును పంపడం ఇబ్బంది అనుకునేవాళ్లు దించిన స్లాబుకే వెళ్లొచ్చు, వాటర్‌ప్రూఫింగ్‌కు మాత్రం వెనకాడకూడదు.

ద్వారబంధం

తక్కిన వస్తువులకు మేస్త్రీ గడువు పెడతాడు, దీనికి పంతులుగారు పెడతారు. సింహద్వారం ఎత్తడానికి ముహూర్తం ఉంటుంది, ఆ రోజుకు చెక్క సిద్ధంగా ఉండి తీరాలి. మన పద్ధతిలో అది గోడలు లేచే మొదట్లోనే పడుతుంది. ఇంటికి సంబంధించి మీరు మొదట ఎంచి, కొని, దించుకోవాల్సిన 'అందమైన' వస్తువు ఇదే. ముహూర్తానికి వారం ముందు టింబర్ డిపోకు పరిగెత్తితే అక్కడ ఉన్నదే తెచ్చుకోవాలి. పచ్చి చెక్క వచ్చిందంటే వచ్చే ఎండాకాలానికి వంగుతుంది, లేదా మూలల్లో సందులిస్తుంది.

ఏడున్నర అడుగుల నిలువులు రెండు, నాలుగున్నర అడుగుల అడ్డాలు రెండు, ఆరు బై నాలుగు అంగుళాల దిమ్మె అనుకుంటే సింహద్వారం చట్రానికి 4 ఘనపుటడుగుల చెక్క పడుతుంది. ఈ ఒక్కదానికి బల్లార్షా టేకో, ఆదిలాబాద్ వైపు టేకో పెట్టుకున్నా మొత్తం బడ్జెట్‌లో అదేమంత పెద్ద భారం కాదు. అసలు భారమంతా ఇంట్లోని పది, పన్నెండు గుమ్మాలకూ అదే టేకు కావాలనుకున్నప్పుడు. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే టేకు చవకే కానీ, ముక్కముక్కకూ నాణ్యత మారుతుంది, చూసి ఏరుకునే ఓపిక ఉండాలి. లోపలి గదులకు వేగిస, మద్ది బాగానే పనికొస్తాయి. వేప కూడా మంచిదే, బాగా ఆరి ఉండాలి. బాత్రూములకు చెక్క జోలికే వెళ్లొద్దు, గ్రానైట్ చట్రమో, డబ్ల్యూపీసీయో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పెట్టండి. అవి ఉబ్బవు, చెదలు పట్టవు. సింహద్వారం, పూజగది టేకువి, పడకగదులు వేగిసవి, బాత్రూములు డబ్ల్యూపీసీవి అనుకుంటే చూపుకూ, జేబుకూ సరిపోతుంది.

చట్రం వెడల్పు గోడ మందాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఇటుకో బ్లాకో తేలకుండా వడ్రంగికి కొలత ఇవ్వకండి. గడప సంగతి కూడా చూసుకోవాలి. ద్వారబంధం ఎత్తే రోజుకు నేల వేసి ఉండదు. మట్టం చూసుకోకుండా నిలబెడితే, తర్వాత మూడంగుళాల నేల వచ్చి నాలుగంగుళాల గడపలో అంగుళమే మిగులుతుంది. పసుపు రాసి బొట్లు పెట్టడానికి చోటుండదు. నేల మందం పునాది నాడే తేల్చుకోమన్నది ఇందుకు కూడా.

తలుపు చెక్కల మీద చెక్కడాలు, పాలిష్ రంగు వగైరా అన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు. చట్రం నిలబెట్టాక తలుపు బిగించడానికి నెలల వ్యవధి ఉంటుంది.

కిటికీలు

చెక్క కిటికీ అయితే చట్రం గోడతో పాటే లేవాలి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం అయితే ప్లాస్టరింగ్ అయ్యాక, చుట్టూ గ్రానైట్ పెట్టాక కొలతలు తీసుకుంటారు, తయారై రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆర్డరు తర్వాతే కదా అని రకం కూడా తర్వాత చూద్దాం అనుకుంటే పొరపాటు. పక్కకు జరిపే కిటికీలో రెండు రెక్కలుంటే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. నాలుగడుగుల కిటికీలో రెండడుగుల గాలే వస్తుంది. గాలి పూర్తిగా కావాలంటే గోడలో ఖాళీని పెద్దది వదలాలి, లేదా బయటికి తెరుచుకునే రెక్కలు ఎంచుకోవాలి, అప్పుడు గ్రిల్ లోపలికి రావాలి. దోమల మెష్‌కు ఇంకో ట్రాక్ కావాలి. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలికి ఇనుప గ్రిల్ తుప్పు పట్టడం అందరూ చూసేదే. అక్కడ యూపీవీసీ, స్టెయిన్‌లెస్ స్టీల్ వైపే మొగ్గు చూపాలి.

బాత్రూములు

ఇంట్లో చిన్న గది ఇదే అయినా, వేళ తప్పిన నిర్ణయానికి ఎక్కువ డబ్బు వదిలేది ఇక్కడే. గోడలోపల దాగే షవర్ డైవర్టర్‌లో (నీళ్లను షవరుకో, కుళాయికో మళ్లించేది) రెండు భాగాలుంటాయి. లోపలి బాడీని టైల్స్‌కు ముందే గోడలో పెట్టాలి, బయటి పిడి చివర్లో బిగిస్తారు. ఒక కంపెనీ బాడీకి మామూలుగా ఇంకో కంపెనీ పిడి పట్టదు. అంటే పైపుల కోసం గోడ గాడి కొట్టే రోజుకే కుళాయిల కంపెనీ ఖాయమైపోయింది, మీరు ఖాయం చేసినా చేయకపోయినా. ప్లంబర్ తన దగ్గరున్న బాడీ పెట్టేస్తే, మీరు ఆ తర్వాత షోరూంలో మనసుపడ్డ కుళాయి సెట్టు అక్కడే వదిలేసి రావాలి.

కమోడ్ కూడా అంతే. నేలకు కూర్చునేదైతే గోడ నుంచి పైపు ఎంత దూరమన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. 9 అంగుళాలకు ఒకటి, 12 అంగుళాలకు ఒకటి ఉంటాయి. గోడకు వేలాడేదైతే లోపల ట్యాంకుకు చోటు కావాలి, మనిషి బరువు మోసే చట్రం కావాలి. నాలుగంగుళాల గోడలో అది ఇమడదు, ముందు చిన్న దిమ్మె కట్టాలి, గది ఆ మేరకు తగ్గుతుంది. నన్నడిగితే పెద్దవాళ్లు వాడే బాత్రూముకు నేలకు కూర్చునేదే మంచిది, చిన్న ఊళ్లో కూడా దానికి రిపేరు చేసేవాళ్లు దొరుకుతారు. వేలాడేది తుడుచుకోవడానికి సులువు, చూడ్డానికి బాగుంటుంది. అది పిల్లల గదికి పెట్టుకోండి.

వేడినీళ్లు గీజరుతోనా, మేడ మీద సోలార్‌తోనా అన్నది కూడా గాడి కొట్టే ముందే. ఇప్పుడు సోలార్ కొనకపోయినా, దానికి వేడినీళ్లకు తట్టుకునే సీపీవీసీ పైపు లైను ఒకటి వేయించి మూతి మూసిపెడితే పోయేది కొద్ది డబ్బే. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ చూడకుండా టైల్స్ మొదలుపెట్టనివ్వకండి. టైల్ రంగు గురించి ఇంట్లో వాదన తేలనిది ఎలాగూ ఆ రెండు రోజుల్లోనే తేల్చుకోవచ్చు.

నేల: ఏది, ఎప్పుడు

గ్రానైట్, విట్రిఫైడ్ టైల్, మార్బుల్, తాండూరు బండ. ధరల్లో ఊరూరికీ తేడా ఉంటుంది, గుణాల్లో ఉండదు. చీమకుర్తి, కరీంనగర్, ఖమ్మం వైపు వాళ్లకు గ్రానైట్ పక్కనే దొరుకుతుంది, గట్టిది, మరకలు అంత తేలిగ్గా పట్టవు. మార్బుల్ చల్లగా, అందంగా ఉంటుంది కానీ నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చ ఉండిపోతుంది. మన వంటింటికి అది అస్సలు కుదరదు. తాండూరు, బేతంచెర్ల బండలు కూడా సున్నపురాయే కాబట్టి పులుపు వాటికీ పడదు. కానీ వరండా, పార్కింగ్, మేడ మీదకు వాటిని మించిన చవకైన, గట్టి బండ లేదు. విట్రిఫైడ్ టైల్ పని తొందరగా అవుతుంది, రకాలు లెక్కలేనన్ని.

వేళ దగ్గర తేడా ఇది. మార్బుల్, తాండూరు బండలు పరిచాక ఇంట్లోనే మిషన్‌తో, నీళ్లు పోస్తూ పాలిష్ పట్టాలి, ఆ బురద గోడల మీదకీ చిమ్ముతుంది. అందుకే అవి రంగులకూ, మాడ్యులర్ కిచెన్‌కూ బాగా ముందే అయిపోవాలి. గ్రానైట్ పాలిష్ పట్టే వస్తుంది, టైల్‌కు ఆ గొడవే లేదు. గృహప్రవేశం దగ్గరపడి నేల ఇంకా తేలకపోతే మీకు మిగిలింది టైల్ మాత్రమే.

టైల్స్ అన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోవాలి. పెట్టె మీద ఆ నంబరు, షేడ్ అచ్చేసి ఉంటాయి. తక్కువై మళ్లీ తెస్తే అదే పేరుతో వేరే ఛాయ వస్తుంది, పగటి వెలుతురులో ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. 5 నుంచి 10 శాతం ఎక్కువ తీసుకోండి. నాలుగడుగులు దాటిన పెద్ద టైల్స్‌కు కోతలో వృథా ఎక్కువ, కింద మట్టం సరిగ్గా లేకపోతే మూలలు ఎత్తుగా నిలుస్తాయి. వాటిని సిమెంటు పాలతో కాక టైల్ అడెసివ్‌తో వేయించాలి. చిన్న గదులకు 2 బై 2 చాలు, 2 బై 4 మోజు ఉంటే హాలు వరకే పెట్టుకోండి.

వంటిల్లు, రంగులు, మిగతావి

వంటింట్లో మాడ్యులర్ పెట్టించుకుంటారా, గ్రానైట్ గట్టు కింద బండలతో అరలు కట్టించుకుంటారా అన్నది ప్లాస్టరింగ్ ముందు తేలాలి. రెండోదానికి గోడల్లో బండలు గుచ్చాలి, మొదటిదానికి అవి అడ్డం. చిమ్నీ గొట్టానికి రంధ్రం, గ్రైండర్, ఓవెన్, నీళ్ల ఫిల్టర్ పాయింట్లు అప్పుడే. మాడ్యులర్ వాళ్లు అసలు కొలతలు తీసుకునేది నేల, గోడ టైల్స్ అయ్యాకే కాబట్టి తలుపుల రంగుకు తొందర లేదు.

గోడల రంగును అన్నిటికన్నా చివర ఎంచుకోవాలి. షేడ్ కార్డు చూసి కాదు, ఆ గది గోడ మీదే రెండడుగుల మేర వేయించి, పగలొకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూసి. ప్లాస్టరింగ్ తడి ఆరడానికి కనీసం నెల ఇవ్వండి. ఫ్యాన్లు, గీజర్లు, మోటారు కూడా చివరే. వారంటీ లెక్క మామూలుగా బిల్లు తేదీ నుంచే మొదలవుతుంది, గోడౌన్లో పడున్న ఆరు నెలలూ అందులో పోతాయి.

ఇవన్నీ గృహప్రవేశం తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే తేలిక. ఆషాఢం, పుష్యం వదిలేసి, మూఢాలు తీసేస్తే మంచి ముహూర్తాలన్నీ మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో గుమికూడతాయి. ఆ నెలల ముందు టైల్స్ మేస్త్రీలూ పెయింటర్లూ అందరికీ కావాల్సినవాళ్లే. వైశాఖంలో ప్రవేశం అనుకుంటే సంక్రాంతికల్లా నేల, బాత్రూం టైల్స్ ఆర్డరు అయిపోయి ఉండాలి.

అమ్మానాన్నలకు ఊళ్లో ఇల్లు కట్టిస్తూ డాలస్ నుంచో, సిడ్నీ నుంచో వాట్సాప్‌లో టైల్స్ ఎంచే పిల్లలకు ఒక మాట. ఫోన్ తెర మీద బూడిద రంగుకూ లేత గోధుమ రంగుకూ తేడా తెలియదు. కొలత, రకం, ఖర్చు, కాంట్రాక్టరుతో లెక్కలు మీరు చూసుకోండి. రంగు మాత్రం ఆ ఇంట్లో ఉండేవాళ్లకు వదిలేయండి. అమ్మ ముదురు రంగు గచ్చు కావాలంటే అది ఎందుకో ఇల్లు తుడిచే ఆవిడకు తెలుస్తుంది.

పని పూర్తయ్యాక ప్రతి గది టైల్‌లో ఒక పెట్టె మిగిల్చి మెట్ల కింద పెట్టండి. బ్యాచ్ నంబర్లు, ఏ గదికి ఏ రంగు కోడ్, డైవర్టర్ మోడల్ నంబరు ఒక కాగితం మీద రాసి, కరెంటు డీబీ (ఫ్యూజుల పెట్టె) తలుపుకు లోపలివైపు అంటించండి. రేపు ప్లంబరో, పెయింటరో వచ్చినప్పుడు మొదట అడిగేవి అవే.